దాగలి మీద సీసా

నీడ ఇంకా రెండు జానలుంది. ఇనుము సాగగొట్టే దాగలి మీద సీసా, సీసా మీద గోడ నీడ, ఆ నీడను నెట్టుకుంటూ పడమటి నుంచి ఎండ గోడ వైపుకు జరిగి వస్తోంది. నా రిపేరు షెడ్డు ముందర ఇప్పుడు ఆరుగురం ఉన్నాం, ఆ ఎండను చూస్తున్నవాణ్ణి నేనొక్కణ్ణే. మిగతావాళ్ళ కళ్ళు సీసా మీదున్నాయి. సర్కారు ఆసుపత్రిలో ఇచ్చే దగ్గుమందు సీసా అది, మోతాదుకొక గంటు పెట్టి కత్తిరించిన కాగితం పక్కన అంటుకునే ఉంది. అందులో సగం గేరు ఆయిలు, సగం ఆముదం. నేనే పోశాను, నేనే బిరడా బిగించి భుజం నొప్పి పుట్టేదాకా గిలకొట్టాను, ఇప్పుడు లోపల బియ్యం కడిగిన నీళ్ళలా మబ్బుగా ఉంది, ఏదీ తేలలేదు. పన్నెండు గంటలదాకా ఎవడూ దాన్ని ముట్టుకోకూడదని చిన్నగౌడు బసవరాజు హుకుం. పన్నెండుకు రెండు నూనెలూ ఒక్కటిగా కనబడితే గేరు పట్టేసిందన్న మాట అబద్ధం, డ్రైవరు ఉరుకుందును నరుకుతారు. విడిపోయి మధ్యలో గీత కనబడితే గేరును చెడగొట్టింది నేను, నన్ను నరుకుతారు. ఎవరో ఒకరిని నరకకుండా ఈ మధ్యాహ్నం గడవదు. ఇంత తేటగా నా బతుకులో ఎవరూ నాకు ఏదీ చెప్పలేదు.

బసవరాజు నా స్టూలు మీదే కూర్చున్నాడు. చేతికి వాళ్ళన్న గడియారం. పెద్దగౌడు రామలింగప్పది, గడియారం పాతదే, తోలు పట్టీ మాత్రం కొత్తది, పాత పట్టీ నెత్తురు పీల్చి అట్ట కట్టిందని మార్పించాడట. తొమ్మిది రోజుల కింద హంద్రి ఇసుకలో ఆ గడియారమున్న చెయ్యి మనిషికి నాలుగు బారల దూరంలో పడి ఉందనీ, చెయ్యి చచ్చినా గడియారం ఆడుతూనే ఉందనీ ఊరంతా చెప్పుకున్నారు. కర్నూలు కోర్టులో వాయిదాకని తెల్లవారుజామునే బయల్దేరిన జీపు, రెండు మైళ్ళు పోయి, ఏటి ఇసుకలో నడిమికి వచ్చి ఆగిపోయింది. ఇసుకలో ఒకటో గేరుకు రావాలి, రాలేదు. ఉరుకుందు గేరు కర్ర పట్టుకుని గుంజాడు, తొక్కాడు, మళ్ళీ గుంజాడు, ఇంజను గింజుకుని చచ్చిపోయింది. ఒడ్డున జమ్ము పొదల్లోంచి పదకొండుమంది లేచారు. పదిహేడు వేట్లని పంచనామాలో రాసుకున్నారు, లెక్క అక్కడికి ఆపింది నరికినవాళ్ళ అలసటో రాసినవాడి అలసటో తెలియదు. జీపుకు నిప్పు పెట్టిపోయారు. కాలి ముద్దయిన గేరుబాక్సును విప్పి చూసే దారి లేదు. ఉరుకుందు వీపున ఒక వేటు తిని పరిగెత్తి బతికాడు. బతకడమే వాడి తప్పయింది. సరిగ్గా శత్రువులు కాచుకున్న చోటే బండి ఆగిందంటే ఎవడో అమ్ముడుపోయి ఉండాలి కదా, అయితే ఆపినవాడు, లేకపోతే ఆగేట్టు చేసినవాడు. చిన్నగౌడి బుర్రలో ఇంతకు మించి మూడో గది లేదు.

"ఏమిరా గాబ్రియేలూ, తెల్లగనే ఉండాది గదరా ఇంకా?"

"తేరుకోవాల గౌడా. ఇంకా అర్ధగంట ఉండాది."

నా గొంతు నాకే వింతగా వినబడుతోంది. ఎవరిదో బండి గురించి, ఎప్పుడు వచ్చి తీసుకుపోవాలో చెబుతున్నట్టుంది. పైన రేకు ఎండకు టప్పుమని పొంగింది, బసవరాజూ అతని ఇద్దరు మనుషులూ ఒక్కసారి ఉలిక్కిపడ్డారు, వేటకొడవలి పట్టుకున్నవాడు కూడా. నవ్వొచ్చింది. నవ్వితే ఇప్పుడే అయిపోతుంది పని. అందుకే దవడ బిగించి ఎండను చూస్తున్నాను. జానెడున్నర.

ఉరుకుందును షెడ్డు గుంజకు కట్టేశారు. మోకాలిని రోకలితో కొట్టారు, ఇప్పుడది మోకాలి ఆకారంలో లేదు. రెండు రోజులు వాణ్ణి గౌడు ఇంటి గడ్డివామి వెనక పెట్టి అడిగారట, అడిగారంటే ఈ దేశంలో అర్థం తెలిసిందే, చివరికి వాడి నోటి నుంచి 'గాబ్రియేలన్న ఆముదం కలిపినాడు' అన్న మాట ఊడిపడింది. నా పేరు చెప్పాడు. ముప్పై మైళ్ళు ఒకే బీడీని చెరో దమ్ము లాగుతూ పోయిన రోజులున్నాయి మాకు, వాడి పెళ్ళికి ఉరుకుంద తిరునాళ్ళలో నేనే చీర కొనిచ్చాను, ఆ నోటితోనే నా పేరు చెప్పాడు. నిన్న ఈ మాట తెలిసినప్పుడు వీణ్ణి నా చేత్తోనే చంపాలనిపించింది. స్పానరుతో, పుర్రె మీద, ఒకటే దెబ్బ. ఇప్పుడు ఆ మోకాలు చూస్తున్నాను. నా మోకాలైతే ఎన్నో దెబ్బకు వాడి పేరు చెప్పేవాణ్ణో. మూడో దెబ్బకేమో. రెండుకేనేమో. కానీ వాడు చెప్పింది సగమే. ఆముదం పొయ్యమన్నది ఎవరో చెప్పలేదు. చెబితే మిగిలిన మోకాలూ పోయేది. చచ్చినవాడి కళ్ళు చారెడంటారు, చచ్చిన గౌడు కళ్ళయితే చెరువంత, ఆయన తెలివితక్కువ పని చేశాడని ఎవడనగలడు?

ఆయనే పొయ్యమన్నాడు. వాయిదాకు ముందురోజు పొద్దుగూకే వేళ జీపు నా దగ్గరికి తెచ్చారు, గేరుబాక్సు కింద కారుతోంది, మూత తీసి వేలు పెడితే నూనె వేలికి అందలేదు. నా డబ్బాలో ఉన్నది అడుగున నాలుగు వేళ్ళు. ఆదోని నుంచి తెప్పించాలంటే మరుసటి సాయంత్రం. 'రేపు పోవద్దు గౌడా' అన్నాను. ఆయన నవ్వాడు. మీసంలో తాంబూలం ఎరుపు. 'మా తాతల కాడ్నుంచి బండి ఇరుసులకి ఏం పూస్తాండారు? ఆముదం గాదా? నా చేన్లో పండింది, మాయమ్మ కాచింది, ఇనుము తినదంటావా?' అన్నాడు. నేను చెప్పాను. ఒకటి గింజ నూనె, ఒకటి నేల నూనె, ఈ రెండింటికీ పొత్తు కుదరదు, విరిగి ముద్ద కడతాయి, గేరు పట్టేస్తుంది గౌడా అన్నాను. నిజంగా చెప్పాను, ఒకసారి కాదు రెండుసార్లు. రెండోసారి చెబుతుండగా చెంప మీద పడింది. ఉంగరం ఉన్న చెయ్యి. పన్ను కదిలింది. 'మీ నాయన బానలు కుట్టి సచ్చిండె, నువ్వు నాకు నూనెల గురించి చెప్తావా?' ఈలోగా ఆ ముసలమ్మ, ఆయన తల్లి హనుమమ్మ, మనిషిని పంపకుండా తనే కంచు చెంబు నిండా ఆముదం తెచ్చి ఈ దాగలి మీదే పెట్టింది. కొత్త ఆముదం, వంటింటి వేడి ఇంకా చెంబుకు ఉంది. ఉరుకుందు నా వైపు చూశాడు. నేను చెంబు ఎత్తాను.

అక్కడ ఆగుతోంది నా మనసు. ప్రతిసారీ చెంబు ఎత్తిన చోటికి వచ్చి ఆగుతోంది, పొదలో పాము ఉందని తెలిసిన గొడ్డులాగా ముందుకు పోనంటోంది. పోవే. పో. పన్నెండు అవుతోంది.

ఆముదం వాసన నాకు నాయన వాసన. ఏసేపు అనే మనిషి ఒకడుండేవాడు, గౌడు వాళ్ళ కపిల బావిలో ఎద్దులు నీళ్ళు తోడే తోలు బానలు కుట్టేవాడు, తోలు మెత్తబడడానికి రోజంతా ఆముదం పామేవాడు, పడుకున్నా లేచినా ఆ వాసనే. నాకు పన్నెండేళ్ళప్పుడు ఒక బాన పిగిలింది. ఎండాకాలం, పైరు నోరు తెరుచుకుని ఉంది, నీళ్ళు సగం దారిలో బావిలోనే పడ్డాయి. రామలింగప్ప అప్పటికింకా మీసం సరిగా రాని మనిషి. కపిల మోకు తడిగా ఉంది, తడి మోకుతో కొట్టడం మొదలుపెట్టాడు. నేను ఒడ్డున ఎద్దుల దగ్గర నిలబడి ఉన్నాను. నాయన అరవలేదు, 'సామీ, ఇంకొకటి కుడతా సామీ' అంటూనే ఉన్నాడు, ఒక్కో దెబ్బకీ ఒక్కో బాన కుట్టి ఇస్తానని మొక్కుకుంటున్నట్టు. రాత్రంతా అమ్మ ఆ వీపుకు ఆముదమే రాసింది. మూడు రోజులు నెత్తురు కక్కుకుని నాలుగో రోజు పోయాడు. ఫాదరీ వచ్చి క్షమించమన్నాడు. క్షమించాననే అనుకున్నాను, ఇరవైయేళ్ళు. ఏ చెట్టూ లేని చోట ఆముదపు చెట్టే మహావృక్షమంటారే, నా మనసులో క్షమ కూడా అంతే, వేరొకటి మొలవక అదే పెద్ద చెట్టుగా కనబడింది. ఆ సాయంత్రం చెంప మీద చెయ్యి పడగానే అది మొదలంటా పెరికిపోయింది.

ఎండ జానెడులోకి వచ్చింది. సీసా అడుగున ఏదో తేటపడుతోంది. నా కళ్ళు ఈ పనిలోనే అరిగిపోయాయి కాబట్టి నాకు కనబడుతోంది, వాళ్ళకింకా మబ్బే. ఆముదం బరువు, అది కిందికి దిగుతోంది, గేరు ఆయిలు పైకి జరుగుతోంది. నడుమ తల వెంట్రుకంత గీత. నా గొంతు మీద కొడవలి పడే చోటు కూడా అంతే సన్నంగా ఉంటుంది మొదట.

మిలిటరీ వర్క్‌షాపులో హవల్దారు సుందరం నేర్పిన విద్య ఇది. యుద్ధం రోజులు, బర్మా దారిలో లారీలు, దొరికిన నూనె పోసి తోలమనే ఆఫీసర్లు. ఏదైనా రెండు నూనెలు కలపాలంటే ముందు సీసాలో కలిపి గంట పెట్టమనేవాడు సుందరం, అరవ యాసలో తిడుతూ, మొట్టికాయలు వేస్తూ. ఆ మొట్టికాయల్లో ఒకటి మాత్రం ఇప్పుడు గుర్తొస్తోంది. నేను సీసాను పొయ్యి పక్కన పెట్టాను. 'మడయా, వేడికి ఏ రెండైనా కలిసినట్టు నటిస్తాయి. చల్లారినాక చూడు, అప్పుడు నిజం చెబుతాయి.' ఈ మాట ఈ షెడ్డు ముందర ఉన్నవాళ్ళెవరికీ తెలియదు. బసవరాజుకు కర్నూలులో ఎవడో లారీవాడు గంట సేపు పెట్టి చూడమని చెప్పాడు, అంతే. నీడలో పెట్టాలని చెప్పలేదు. నేనూ చెప్పలేదు. దాగలి మీద పెట్టింది నేనే. పన్నెండు కాకముందే ఎండ దాగలి మీదికి వస్తుందని పదకొండేళ్ళుగా ఇక్కడే పనిచేస్తున్న నాకు తెలియదా? తెలుసు. అప్పుడు చెంబు ఎత్తినప్పుడు తెలిసినట్టే ఇప్పుడూ తెలుసు. ఇదొక జబ్బు నాకు, తెలిసి ఊరుకోవడం.

"అన్నా... నీళ్ళు."

ఉరుకుందు. నీళ్ళకడవ గోడ మూలన తడి గుడ్డ చుట్టుకుని చల్లగా ఉంది, నాలుగడుగులు. లేవబోయాను. కొడవలివాడు కాలు అడ్డం పెట్టాడు.

"ఎవుడైనా ఒగడు సచ్చేటోడే గదా," అన్నాడు బసవరాజు, "నీళ్ళు దండగ."

ముసలమ్మ తల ఎత్తింది. హనుమమ్మ పొద్దుటి నుంచి గోనెసంచి మీద కూర్చుని ఉంది, నుదుటి నిండా విభూతి, నోరు విప్పలేదు. కొడుకు శవాన్ని ముక్కలు ముక్కలుగా తెచ్చినప్పుడు కూడా ఏడవలేదట, చెయ్యి పక్కన చెయ్యి సరిచేసి పెట్టిందట, కుట్టుపనికి గుడ్డ పేర్చుకున్నట్టు. ఆమెకు తెలుసు. ఎవరు పొయ్యమన్నారో, ఎవరు తెచ్చారో, ఎవరి చెంప వాచిందో అంతా ఆమె కళ్ళ ముందరే జరిగింది. ఎందుకు మాట్లాడదు? తను కాచిన ఆముదం తన కొడుకును తిన్నదని తన నోటితో ఎట్లా అంటుంది. ఎవరో అమ్ముడుపోయాడని నమ్మితే ఆమెకు ఊపిరాడుతుంది. ఆ నమ్మకం కోసం ఒక మనిషి చావాలంటే చావనిమ్మనే మాట్లాడడం లేదు. ఆమెను అసహ్యించుకోబోయి ఆగాను. నేను చేస్తున్నది వేరే ఏమిటి?

సరే, పో మనసా, చెంబు దాటి పో. చెంబు ఎత్తాను. గేరుబాక్సు బొక్కలోకి గరాటు పెట్టాను. ఆముదం దారంలా దిగుతోంది, నింపాదిగా, దానికి తొందర లేదు. అప్పుడు నా లోపల ఒక మాట స్పష్టంగా వినబడింది. పట్టేయాలి. ఏట్లో పట్టేయాలి. అంతే ఆ మాట, దానికి ముందూ వెనకా ఏమీ లేదు. నన్నెవడూ కొనలేదు, నేనెవడికీ కబురు పంపలేదు, జమ్ములో ఎవరున్నారో దేవుడి మీద ఒట్టు నాకు తెలియదు. ఇసుకలో గేరు పట్టేసి, పొద్దెక్కేదాకా ఆ మనిషి పట్టు పంచె పైకి చెక్కి జీపు తోయాలనీ, వాయిదా తప్పిపోవాలనీ మాత్రమే అనుకున్నాను. అంతేనా? అంతేనా గాబ్రియేలూ? మోకు కనబడలేదా నీకు ఆ నూనె దారంలో? పదిహేడు వేట్లని వినగానే నీ నోట్లో ఊరింది ఏమిటి? ఏడుపు కాదు. ఆ రాత్రి రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను. ఉరుకుందు కూడా ఆ జీపులో ఉంటాడన్న సంగతి నూనె పోస్తున్నంతసేపూ నాకు గుర్తే లేదు. తన బండి కింద పడుకుని నట్లు బిగించే స్నేహితుడి మీద అంత నమ్మకంతో కూర్చున్నాడు వాడు, బండిని ఏట్లోకి దించాడు.

ఎండ వచ్చేసింది. ముందు సీసా భుజం మీద పడింది, తరువాత కాగితం మీద, తరువాత అడుగుదాకా. దాగలి ఇనుము కాలుతున్న వాసన. నేను చూస్తుండగానే ఆ వెంట్రుకంత గీత వణికింది. మబ్బు విడిపోతోంది. అడుగు నుంచి పైదాకా ఒకటే రంగు, తేటగా, వెలుతురు అటునుంచి ఇటు దాటి పోతోంది. ఇంత అందమైన అబద్ధం నేనెప్పుడూ చూడలేదు. బతికాను. బతికాను రా నాయనా, ఆముదం నీ కొడుకును కాపాడింది.

బసవరాజు గడియారం చూసి లేచాడు. సీసా మీదికి వంగాడు.

"సూడండ్రా. తేనె మాదిరి ఉండాది. కల్సిపొయినాయి." నాలుగడుగుల్లో గుంజ దగ్గరికి పోయి కొడవలి అందుకున్నాడు. "గేరు పట్టిందంటివే నా కొడకా."

ఉరుకుందు అతని వైపు చూడలేదు. నా వైపే చూశాడు. ఆ సాయంత్రం చెంబు ఎత్తినప్పుడు చూసినట్టే. వాడికి సుందరం మాట తెలియదు, ఎండ సంగతి తెలియదు, నేను అబద్ధం చూస్తూ కూర్చున్నానని తెలియదు. నూనెలే తన మీద సాక్ష్యం చెప్పాయని నమ్మేశాడు వాడు కూడా. "నాకు నిజంగనే రాలేదన్నా గేరు," అన్నాడు, నన్ను క్షమించమన్నట్టు.

కాళ్ళు లేచాయి. నేను లేపలేదు. సీసా పట్టుకుంటే చెయ్యి చుర్రుమంది. కడవ దగ్గరికి పోతున్నాను.

"యాడికి పోతాండావురా?"

"ఎండకు పెట్టినాం గౌడా దీన్ని. ఎండకు ఏదైనా కలుస్తాది." సీసాను కడవలో మెడదాకా ముంచాను. "తెల్లార్జామున హంద్రిలో ఎండ యాడుండాది?"

నీళ్ళు నా మణికట్టు చుట్టూ చల్లగా ఉన్నాయి. లెక్క పెట్టడం లేదు, ఊరికే నిలబడ్డాను, వేప మీద కాకి ఒకటి ఆగకుండా అరుస్తోంది. సీసా పైకి తీసి గౌడు కళ్ళ ముందర పట్టుకున్నాను. ముందు పాలు విరిగినట్టు తెల్లబడింది. నీళ్ళలో మళ్ళీ పెట్టాను, మళ్ళీ తీశాను, మళ్ళీ పెట్టాను. మూడోసారి తీసేసరికి కింద ఆముదం, పైన ఆయిలు, నడుమ గీత. ఈసారి గుడ్డివాడికి కూడా కనబడేట్టుంది. ఆ తడి చేత్తోనే కడవ మీది చెంబు ముంచి ఉరుకుందు నోటికి పెట్టాను. గటగటా తాగాడు. ఈసారి ఎవరూ కాలు అడ్డం పెట్టలేదు.

"తెల్సే పోసినావా?" బసవరాజు గొంతు చాలా చిన్నగా ఉంది.

లేదనొచ్చు. మీ అన్న పొయ్యమన్నాడనొచ్చు, అది నిజమే, రెండుసార్లు వద్దన్నాననొచ్చు, అదీ నిజమే. ఆ నిజాలన్నీ పైన తేలే ఆయిలు. అడుగున ఉన్నది ఒకటే.

"తెల్సే పోసినా గౌడా. పట్టెయ్యాలనే పోసినా."

కొడవలి లేచింది. మెడ వంచలేదు, ఎందుకో నాయనలాగా నేను 'సామీ' అనలేదని చెప్పాలనిపించింది ఎవరికో. అప్పుడు గోనెసంచి కదిలింది. హనుమమ్మ గోడ పట్టుకుని లేచి మా ఇద్దరి నడుమకు వచ్చి సీసాను నా చేతిలోంచి తీసుకుంది. బిరడా తీసి వాసన చూసింది. తన వంటింటి వాసన.

"పొయ్యమన్యది మీయన్న," అంది కొడుకుతో. "వద్దన్నందుకు ఈన్ని కొట్టె. తెచ్చి ఇచ్చింది నేను. పోసింది ఈడు. ముగ్గురం పోసినాం రా. ఒగడు పొయినాడు."

"అమ్మా, నువ్వు పక్కకు పో."

"ఆ గుంజకున్నోన్ని ఇప్పు. ఆడు ఏం జేసినాడని." సీసాను నేల మీద వంచింది. దుమ్ములో రెండు నూనెలూ రెండు రంగుల్లో పారుతున్నాయి. ముసలామె నా ముఖంలోకి చూసింది, నేను అనుకున్న దయ ఆ కళ్ళలో లేదు, నేను అనుకున్న కోపమూ లేదు. "ఈని పాణం వద్దు. పాణం దీస్తే మళ్ళీ ఇంగొగడు, మళ్ళీ ఇంగొగడు. పోసిన చెయ్యి చాలు."

బసవరాజు ఎత్తిన చెయ్యి దించాడు. తరువాత కొడవలి కొనతో దాగలిని చూపించాడు.

"ముందు వాన్ని ఇప్పండి," అన్నాను.

ముడి బిగుసుకుపోయింది, కొడవలివాడు పళ్ళతో లాగుతున్నాడు. తాడు ఊడి ఉరుకుందు కిందికి జారి, నా వైపు చూసి, 'వద్దన్నా, వద్దు' అంటూ మోకాలిని ఈడ్చుకుంటూ పాకి వస్తున్నాడు. స్పానరు పట్టిన చెయ్యి, చెంబు ఎత్తిన చెయ్యి, ఇప్పుడే వాడికి నీళ్ళు తాపిన చెయ్యి, ఒకటే చెయ్యి, కుడిది. దాగలి మీద పెట్టాను. ఇనుము కాలిపోతోంది. చెయ్యి తీయలేదు.